తాబేలు పిల్ల ఆడదా, మగదా? డిప్ప చూసి చెప్పగలిగేదెంత

గుడ్డు పగిలి పది రోజులైన రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలు పిల్ల డిప్ప పొడవు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ముందుకాళ్ళ గోళ్ళు సాగాయా, తోక లావుగా ఉందా అని ఎంత వెతికినా ఏమీ తేలదు. ఆ గుర్తులు తప్పు కావు, ఈడొచ్చాక వచ్చేవి. స్లైడర్ మగవాటిలో పొట్ట చిప్ప దాదాపు పది సెంటీమీటర్లకు చేరే వేళకి గోళ్ళు పొడుగవుతాయి, తోక మొదలు బలుస్తుంది, క్లోయెకా రంధ్రం (మలమూత్రాలకూ గుడ్లకూ తోక కింద ఉండే ఒకే ద్వారం) డిప్ప అంచు దాటి వెనక్కి జరుగుతుంది. అంతకు ముందే వాటిని చూసి ఆడా మగా చెబితే బొమ్మా బొరుసూ వేసినట్టే. పైగా ఆ పొడుగు గోళ్ళు స్లైడర్‌కీ దాని దగ్గరి జాతులకీ ఉన్న లక్షణం. నక్షత్ర తాబేలులో ఈడొచ్చిన మగదానికి కూడా అవి ఉండవు. అక్కడ చూడాల్సింది తోక పొడవు, పొట్ట చిప్ప గుంట. అవి కూడా పెద్దయ్యాకే.

అందుకే పిల్ల సరీసృపం ఏదైనా సరే, ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నేను చూస్తున్న ఈ గుర్తు ఎప్పుడు పుడుతుంది? కొన్ని పిండంలోనే ఖరారై వస్తాయి. పొలుసుల లెక్క, ఒకటి రెండు ప్రత్యేకమైన పొలుసులు, కాలి మడమ మీద ముల్లు అలాంటివి. కొన్ని హార్మోన్లు పెరిగాక వస్తాయి. తల వెడల్పు, గోళ్ళు, తొడ రంధ్రాల మైనం, ఘరియల్ మగ మొసలి ముక్కు చివర కుండలాంటి బుడిపె ఈ కోవలోవి. మూడో రకం ఇంకొకటుంది. పుట్టుకతోనే ఉంటుంది కానీ కంటికి ఆనదు. డిప్ప పలకల మధ్య నిష్పత్తుల్లో ఉండే చిన్న తేడా అది. కొలిస్తేనే బయటపడుతుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి ఈ పోస్టులో ఎక్కువ భాగం దానికే.

ముందు తేలికైనవి. యెమెన్ ఊసరవెల్లి అని పిలిచే వెయిల్డ్ కెమీలియన్ పిల్లల్లో మగదానికి వెనక పాదం మడమ దగ్గర చిన్న ముల్లు పుట్టుకతోనే ఉంటుంది, ఆడదానికి ఉండదు. భూతద్దం, మంచి వెలుతురు చాలు. పాంథర్ కెమీలియన్‌లో ఈ ముల్లు ఉండదు, కాబట్టి ఒక ఊసరవెల్లి గుర్తును ఇంకో ఊసరవెల్లికి అంటగట్టకూడదు. బ్రౌన్ అనోల్ లాంటి అనోల్ బల్లుల్లో మగ పిల్లకు క్లోయెకా చీలికకు వెంటనే వెనక, తోక అడుగున, పక్కనున్న వాటికంటే స్పష్టంగా పెద్దవైన రెండు పొలుసులు ఉంటాయి. ఇవీ పుట్టుకతో వచ్చేవే. బల్లిని తోక పట్టి ఎత్తకండి, ఊడి చేతిలోకొస్తుంది. పారదర్శకమైన చిన్న డబ్బాలో పెట్టి కింద నుంచి చూస్తే పిల్లను ముట్టుకోనక్కర్లేదు.

లెపర్డ్ గెకో అనే బల్లిలో చీలికకు ముందు తలకిందులైన వి ఆకారంలో వరుసగా రంధ్రాలుంటాయి. మగదానిలో లోతుగా, ముదురుగా, ఆడదానిలో గుంటల్లా మసగ్గా కనబడతాయి. ఒకటి రెండు నెలల వయసు నుంచి భూతద్దంలో మగవాటిని పట్టవచ్చు. కానీ "రంధ్రాలు కనబడలేదు కాబట్టి ఆడది" అనే తీర్పు ఆ వయసులో చెల్లదు. ఇంకా తెరుచుకోని మగదీ అలాగే ఉంటుంది.

బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి విషయం కాస్త నిదానంగా చూడాలి. పిల్లను అరచేతిలో నిలబెట్టి, వేలితో తోకను మొదలుకు దగ్గరగా పట్టి మెల్లగా పైకి లేపాలి. అది ప్రతిఘటిస్తే అక్కడే ఆగాలి. వెన్నెముక మీద బలం పడకూడదు. దీపం తోకకు ఏటవాలుగా, పై వైపు నుంచి పడేట్టు పెట్టండి. చీలికకు వెనక, తోక అడుగు భాగంలో రెండు పక్కలా రెండు నిలువు ఉబ్బులు, వాటి నడుమ చిన్న కాలువ కనిపిస్తే మగది. నడిమిన ఒకే మెట్ట ఉంటే ఆడది. ఎక్కువగా మోసపోయేది రెండు చోట్ల. బాగా తిన్న పిల్లకు తోక మొదట్లో కొవ్వు చేరి రెండు పక్కలా ఉబ్బినట్టుంటుంది. ఇక దీపం నేరుగా ఎదుట ఉంటే నీడలు పోయి, ఉన్న కాలువ కూడా మాయమవుతుంది. అదే పిల్లను దీపం కోణం మార్చి మూడుసార్లు చూడండి. మూడుసార్లూ ఒకే జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి మళ్ళీ చూడటమే సరైన పని.

ఈ జాతిలో ఇంకో చిక్కు ఉంది. బియర్డెడ్ డ్రాగన్‌కు లింగ క్రోమోజోములున్నాయి. జెడ్‌జెడ్ అయితే మగది, జెడ్‌డబ్ల్యూ అయితే ఆడది. కానీ గుడ్లు 32 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో పొదిగితే జెడ్‌జెడ్ పిండాలు కొన్ని ఆడవిగా మారతాయి. అలా మారినవాటి శరీర నిష్పత్తుల్లో మగ పోలిక కనిపిస్తుంది. డీఎన్ఏ పరీక్ష మగ అంటుంది, అది మాత్రం గుడ్లు పెడుతుంది. ఆకారం, జన్యువు, అండాశయం మూడూ ఒకే మాట చెప్పాలన్న నియమం సరీసృపాల్లో లేదు.

పాముల్లో ఆకారం అంటే ముఖ్యంగా తోక. చాలా జాతుల్లో మగదాని తోక, శరీరంతో పోలిస్తే పొడుగు. లోపలికి ముడుచుకున్న జంట హెమిపెనిస్‌లు (మగ జననాంగాలు) అక్కడే ఉండాలి కదా. పిల్లను టేపుతో కొలవడంకంటే దాని కుబుసాన్ని నమ్మడం మంచిది. తోక అడుగున ఉండే పొలుసుల సంఖ్య గుడ్డులోనే ఖరారైపోతుంది, పాము ఎంత పెరిగినా మారదు. కుబుసాన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తెల్ల పలక మీద తోక ముక్కను పరచి, చీలిక తర్వాతి మొదటి జత నుంచి ఒక పక్కే లెక్కపెట్టండి. కొస మీది ముల్లు లాంటి చివరి పొలుసును కలపకండి. కొస చిరిగి ఉంటే ఆ లెక్క పనికిరాదు. ఒక్క పిల్ల లెక్క ఒంటరిగా పెద్దగా ఏమీ చెప్పదు. ఒకే కాన్పు పిల్లలన్నిటి లెక్కలూ వరసగా రాస్తే మాత్రం చాలాసార్లు రెండు గుంపులుగా విడిపోవడం కనిపిస్తుంది. మధ్యలో పడినవాటిని మధ్యలోనే ఉంచండి.

తోక మొదలును బొటనవేలితో చీలిక వైపు దొర్లించినట్టు నొక్కి హెమిపెనిస్‌ను బయటికి రప్పించడాన్ని పెంపకందార్లు పాపింగ్ అంటారు. అది బయటికొస్తే మగది, సందేహం లేదు. రాకపోతే ఆడదని కాదు. బిగబట్టిన మగదీ కావచ్చు. సన్నని లోహపు పుల్లను చీలికలోంచి తోక వైపు పోనిచ్చి లోతు చూసే ప్రోబింగ్ ఇంకా కష్టమైన పని. బాల్ పైథాన్‌లో పుల్ల ఆడదానిలో రెండు నుంచి నాలుగు పొలుసుల లోతుకి, మగదానిలో ఎనిమిదికి పైగా వెళ్తుంది. పిల్ల పాములో తప్పుడు బలం పడితే పుల్ల సంచి గోడను చీల్చుకుని వెళ్తుంది. అప్పుడు గాయం ఒకటి, "లోతుగా వెళ్ళింది కాబట్టి మగది" అనే తప్పుడు జవాబు ఒకటి, రెండూ ఒకేసారి వస్తాయి. పక్కనుండి నేర్పేవాళ్ళు లేకుండా చిన్న పిల్లలకు ఈ పని చేయవద్దనే నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు తాబేళ్ళు. ఇక్కడ ముల్లూ లేదు, జత పొలుసులూ లేవు. చాలా జాతుల్లో లింగ క్రోమోజోములే లేవు, గుడ్డు పొదిగిన వేడే తేలుస్తుంది. స్లైడర్ గుడ్లు 26 డిగ్రీల దగ్గర మగవిగా, 31 దగ్గర ఆడవిగా, 29 కాస్త దాటిన చోట రెండూ కలిసి వస్తాయి. సరీసృపాల్లో వేడికీ లింగానికీ ఉన్న ఈ సంబంధాన్ని మొదట 1966లో మడలీన్ షార్నియే అగామా బల్లిలో చూపారు. ఎండలు ముదురుతున్న కాలంలో ఒక గూటినుంచి ఎన్ని ఆడవి, ఎన్ని మగవి వస్తున్నాయో తెలియడం సంరక్షణకు ప్రాణం లాంటిది. అప్పుడే పుట్టిన పిల్లలో చాలాకాలం ఖాయమైన దారి ఒక్కటే: పిల్లను చంపి బీజకోశాలను (అండాశయమా, వృషణమా అని) సూక్ష్మదర్శినిలో చూడటం. కాపాడాల్సిన జాతిలో పిల్లల్ని అలా లెక్కకోసం చంపడం మనసొప్పని పని. కొన్ని నెలలు పెంచి లాపరోస్కోపీ (చిన్న గాటులోంచి సన్నని కెమెరాతో లోపల చూడటం) చేయవచ్చు. సముద్ర తాబేళ్ళ పిల్లల్లో రక్తపు చుక్కలో ముల్లేరియన్ నిరోధక హార్మోన్ ఉందో లేదో చూసి మగవాటిని గుర్తించే పద్ధతి 2020లో వచ్చింది. వీటి పక్కన నిలిచే దారి డిప్ప ఆకారాన్ని బిందువులుగా కొలవడం. పెయింటెడ్ తాబేలు, అమెజాన్ పెద్ద నది తాబేలు పిల్లల మీద ఈ పద్ధతి పనిచేస్తుందని 2004లోనే చూపారు.

పద్ధతి వినడానికి తేలిక. ఫొటో తీయాలి, పలకల అతుకులు కలిసే చోట్ల బిందువులు పెట్టాలి, బొమ్మలన్నిటినీ ఒకే స్థానానికి, ఒకే సైజుకి, ఒకే దిశకి సర్దాలి. ఈ సర్దుబాటును ప్రొక్రస్టీస్ అంటారు. ఆ తర్వాత మిగిలే తేడానే ఆకారం. లింగం ముందే తెలిసిన పిల్లలతో ఒక సూత్రం తయారుచేసి, తెలియని పిల్లలకు వర్తింపజేయాలి. బిందువులు పెట్టడానికి టిపిఎస్‌డిగ్, లెక్కకు మార్ఫోజె లేదా ఆర్‌లో జియోమార్ఫ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములు సరిపోతాయి, మూడూ ఉచితమే. ఇందులో చెడేదంతా ఫొటో దగ్గరే చెడుతుంది.

మొదటిది వయసు. గుడ్డులో పిల్ల మడతపడి ఉంటుంది. బయటికి రాగానే పొట్ట చిప్ప మీద అడ్డంగా మడత, నడిమిన పచ్చసొన సంచి ఉబ్బు ఉంటాయి. డిప్ప రోజురోజుకీ తెరుచుకుంటుంది. సొన పూర్తిగా లోపలికి పోయి మడత చదునయ్యేదాకా ఆగాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలన్నిటినీ గుడ్డు పగిలిన నాటినుంచి లెక్కపెట్టి ఒకే వయసులో ఫొటో తీయాలి. మగవాటిని ఐదో రోజు, ఆడవాటిని పదిహేనో రోజు తీస్తే మీ సూత్రం కొలిచేది వయసునే.

రెండోది కెమెరా దూరం. డిప్ప ఎత్తు 15 మిల్లీమీటర్లు, అంచు బల్లకు 8 మిల్లీమీటర్ల పైన ఉందనుకోండి. బల్లకు 20 సెంటీమీటర్ల ఎత్తునుంచి తీస్తే నెత్తి మీది బిందువులు అంచు బిందువులకంటే దాదాపు 3.8 శాతం పెద్దవిగా పడతాయి. అదే 60 సెంటీమీటర్ల నుంచి తీస్తే 1.2 శాతమే. కాబట్టి దూరం జరిగి జూమ్ లెన్స్ వాడండి. స్టాండు ఎత్తు పని అయ్యేదాకా మార్చకండి. పిల్లను ఫ్రేమ్ నడుమ ఉంచండి, అంచుల్లో లెన్స్ వంపు తోడవుతుంది. కొలబద్ద బల్ల మీద కాదు, డిప్ప అంచుకి సమానమైన ఎత్తులో ఉండాలి. రెండు అగ్గిపెట్టెల మీద పెట్టినా చాలు.

మూడోది వాలు. పిల్ల 5 డిగ్రీలు ఒక పక్కకు ఒరిగితే, అంచుకంటే 7 మిల్లీమీటర్లు ఎత్తున్న బిందువు 0.6 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. 30 మిల్లీమీటర్ల డిప్పలో అది 2 శాతం. ఆడా మగా మధ్య మనం వెతుకుతున్న తేడా కూడా అంతలోనే ఉంటుంది. కాళ్ళు నేలకు తగలకుండా పిల్లను సీసా మూత మీదో మైనపు ఉంగరం మీదో కూర్చోబెట్టండి. ఈదుతున్నట్టు కాళ్ళాడిస్తుంది కానీ కదలదు. డిప్ప కుడి ఎడమ అంచులు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కెమెరా లోంచి కాదు, పక్కనుంచి కంటితో చూడండి. పొట్ట చిప్ప చదునుగా ఉంటుంది కాబట్టి వాలు దెబ్బ దానికి తక్కువ. ఒక్క ఫొటోకే సమయం ఉంటే నేను పొట్ట చిప్పనే ఎంచుకుంటాను. మెత్తని స్పాంజి గుంటలో వెల్లకిలా పడుకోబెట్టి, నిమిషంలోపే తీసి తిప్పేయాలి. ఒక్కో పిల్లకు మూడు ఫొటోలు, ప్రతిసారీ పిల్లను తీసి మళ్ళీ పెట్టి తీయాలి. ఒకే ఉంచులో మూడు తీస్తే కెమెరా వణుకు తెలుస్తుంది కానీ ఉంచడంలో మీ చేతి తప్పు తెలియదు.

వెర్నియర్ కాలిపర్‌తో నేరుగా కొలిస్తే పోదా అంటే, పోదు. పిల్ల డిప్ప గోరులా మెత్తన. కాలిపర్ దవడలు కాస్త బిగిస్తే వంగిపోతుంది. ఒకే పిల్లను ఇద్దరు కొలిస్తే వచ్చే తేడా, ఆడా మగా తేడాను మింగేస్తుంది.

బిందువులకు చోటు పలకల అతుకులు. స్లైడర్ పై డిప్పలో 38 పలకలు: మెడ దగ్గర 1, నడి వరుసలో 5, ఆ పక్కా ఈ పక్కా నాలుగేసి, అంచున పన్నెండేసి. పొట్ట చిప్పలో ఆరు జతలు. మూడు పలకలు కలిసే చోటు స్పష్టమైన బిందువు. "అంచు బాగా వంగిన చోటు" లాంటి బిందువులు పెట్టకండి, పొద్దున ఒకచోట పెడతారు, సాయంత్రం ఇంకోచోట. కొన్ని పిల్లలకు నడి వరుసలో ఒక పలక ఎక్కువ ఉంటుంది. దాన్ని ఎలాగోలా సర్దడానికి ప్రయత్నించొద్దు, ఆ పిల్లను పక్కన పెట్టండి. కుడి ఎడమలను సరాసరి తీస్తే పుట్టుకతో వచ్చే చిన్న వంకరలు తగ్గుతాయి. బిందువులు పెట్టేటప్పుడు పిల్ల లింగం మీకు తెలియకూడదు. ఫైళ్ళకు అంకెలే పేర్లుగా ఉండాలి.

అసలు ఉచ్చు లెక్కలో ఉంది. 30 బిందువులంటే ప్రొక్రస్టీస్ తర్వాత 56 స్వతంత్ర కొలతలు మిగులుతాయి. మీ దగ్గరున్నవి 40 పిల్లలే అయితే, వాటిని ఏ రెండు గుంపులుగా ఊరికే విడదీసినా, పేరులో మొదటి అక్షరాన్ని బట్టి విడదీసినా సరే, సూత్రం వాటిని నూటికి నూరు శాతం వేరుచేసి చూపిస్తుంది. ఆ నూరు శాతానికి విలువ లేదు. బిందువులు తగ్గించాలి, లేదా తేడాల్లో ఎక్కువ భాగాన్ని మోసే ముఖ్య అక్షాలు కొన్నే తీసుకోవాలి. సూత్రం తయారీలో లేని పిల్లల మీదే దాన్ని పరీక్షించాలి. ఒక్కో పిల్లను తీసి పరీక్షించడం కూడా చాలదు. తోబుట్టువుల పోలిక బలంగా ఉంటుంది, కాబట్టి గూటికి గూటినే పక్కన పెట్టి పరీక్షించాలి.

దానికంటే పెద్ద ఉచ్చు వేడి. మగవన్నీ 26 డిగ్రీల పెట్టెలోంచి, ఆడవన్నీ 31 డిగ్రీల పెట్టెలోంచి వస్తే, ఆకారంలో దొరికిన తేడా లింగానిదా, వేడిదా? పొదిగిన వేడి పిల్ల సైజునీ, నిష్పత్తుల్నీ తనంతట తానే మారుస్తుంది. రెండు లింగాలూ వచ్చే వేడిలో, స్లైడర్‌కైతే 29 కాస్త దాటిన చోట, ఒకే పెట్టెలో పొదిగిన పిల్లలతో సూత్రం తయారుచేస్తేనే అది లింగాన్ని చదివినట్టు. అలా చేశాక ఖచ్చితత్వం పడిపోతే బాధపడనక్కర్లేదు, ముందు చూసిన అంకె లింగానిది కాదని తెలిసింది. ఒక జాతి సూత్రం ఇంకో జాతికి పనికిరాదు. అదే జాతి అయినా వేరే ప్రాంతపు పిల్లలకు వాడేముందు, లింగం తెలిసిన పిల్లలు కొన్నిటి మీద చూసుకోవాలి. గూటిలో తమంతట తాము చనిపోయిన పిల్లలు ఇందుకు పనికొస్తాయి. వాటిని వెంటనే ఫార్మలిన్‌లో ఉంచితే బీజకోశాలు చూడవచ్చు. మీ చేతులతో ఏ పిల్లనూ చంపనక్కర్లేదు. అయితే ఫొటో ఫార్మలిన్‌లో వేయకముందే తీయాలి, ఆ ద్రావణంలో డిప్ప కాస్త ముడుచుకుంటుంది.

నూటికి తొంభై సరిగ్గా చెప్పే సూత్రం చేతిలో ఉందనుకుందాం. వేడి ఎక్కువైన గూటినుంచి వంద పిల్లలు వచ్చాయి, నిజానికి 90 ఆడవి, 10 మగవి. సూత్రం ఆ పది మగవాటిలో 9ని పడుతుంది, 90 ఆడవాటిలో 9ని పొరపాటున మగవి అంటుంది. "మగది" అని ముద్రపడిన 18 పిల్లల్లో సగమే మగవి. ఒక్కో పిల్ల మీద తీర్పుగా ఇది చాలదు. గూటి మొత్తం లెక్కకు మాత్రం సరిదిద్దుకోవచ్చు: ముద్రపడిన మగవాటి వాటా 0.18లోంచి పొరపాటు రేటు 0.10 తీసేసి, 0.80తో భాగిస్తే 0.10 వస్తుంది, అదే నిజమైన వాటా. ఆ 0.80 ఎక్కడిదంటే, మగవాటిని సరిగ్గా పట్టే 0.90లోంచి ఆడవాటి మీది పొరపాటు 0.10 తీసేస్తే మిగిలేది. ఈ రెండు రేట్లూ విడివిడిగా కొలిచి ఉండాలి. అన్నీ కలిపి "90 శాతం" అని ఒకే అంకె రాసుకుంటే ఈ సవరణ చేయలేరు.

రాసుకునే పట్టికలో ఆడ, మగ అని రెండు గడులు కాక, తేలలేదు అని మూడోది తప్పకుండా పెట్టండి. సూత్రం ఇచ్చే సంభావ్యత 0.8కి తక్కువైతే అక్కడే వేయండి. స్లైడర్ పిల్లల పొట్ట చిప్ప మీది మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, కాబట్టి అంచు పలకలకు గాట్లు పెట్టకుండా ఆ ఫొటోతోనే పిల్లను మళ్ళీ గుర్తుపట్టవచ్చు. పెంపకంలో ఉన్నవైతే పొట్ట చిప్ప పది సెంటీమీటర్లు దాటాక అదే ఫైలు తెరిచి, గోళ్ళూ తోకా చూసి, పక్క గడిలో అసలు జవాబు రాయండి.